పిల్లల మనోవర్తి కట్టకపోతే జైలుతో సరిపోతుందా?

[తెర మీద: కోర్టు ఉత్తర్వు కాగితం. “నెలకు రూ.8,000” అన్న చోట ఎర్ర గీత.]

పిల్లాడి పోషణకు నెలకు 8,000 రూపాయలు కట్టమని కోర్టు చెప్పింది. తండ్రి రెండు నెలలు కట్టి ఆపేశాడు. అడిగితే ఏమంటాడంటే, “మహా అయితే నెల రోజులు లోపలేస్తారు. వెళ్లి కూర్చుని వస్తా, లెక్క చెల్లు.”

చెల్లదండీ. కుల్‌దీప్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు 1988లోనే ఈ సంగతి తేల్చేసింది. జైలుకు పంపేది డబ్బు కట్టించడానికి. బకాయి తీరాలంటే డబ్బు కట్టాల్సిందే. జైలు నుంచి బయటికొచ్చిన రోజు కూడా ఆ అప్పు పైసా తగ్గకుండా అలాగే ఉంటుంది.

[తెర మీద: “బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 144”]

ముందు చట్టం సంగతి. లాయర్ల నోట ‘125 కేసు’ అని వింటుంటారే, అదే ఇది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 125వ సెక్షన్. 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్)లో 144వ సెక్షన్ అయింది. తల్లిదండ్రులకు పెళ్లయిందా లేదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, బిడ్డకు హక్కు ఉన్నట్టే. కేసు నడుస్తుండగా ఇచ్చే మధ్యంతర మనోవర్తి ఎగ్గొట్టినా ఇవే చర్యలు ఉంటాయి.

సరే, కట్టలేదు. తల్లి బకాయి పిటిషన్ వేసింది. సరైన కారణం చూపించకపోతే కోర్టు వారంట్ ఇస్తుంది. జరిమానా ఎలా వసూలు చేస్తారో ఇదీ అలాగే. బండి, ఇంట్లో సామాను లాంటివి జప్తు చేసి అమ్మొచ్చు. కలెక్టర్ ద్వారా భూమి శిస్తు బకాయి లాగా కూడా రాబట్టొచ్చు. అప్పటికీ బకాయి మిగిలితే నెల రోజుల వరకు జైలు. ఈలోగా కట్టేస్తే వదిలేస్తారు. మళ్లీ ఎగ్గొడితే మళ్లీ పిటిషన్.

ఊరు మారితే తప్పించుకోవచ్చు అనుకునేవాళ్లకు ఒక మాట. అతను ఎక్కడుంటే అక్కడి మేజిస్ట్రేట్ ఆ ఉత్తర్వు అమలు చేయొచ్చు.

[తెర మీద: జీతం రూ.30,000. పక్కపక్కన రెండు గళ్లు: “అప్పు”, “మనోవర్తి”.]

ఇప్పుడు జీతం దగ్గరికి వద్దాం. చాలామందికి తెలియనిది ఇక్కడే ఉంది. మనోవర్తి ఉత్తర్వును సివిల్ కోర్టు డిక్రీ (తీర్పు ఆదేశం) లాగా కూడా అమలు చేయొచ్చని 2020లో రజనేష్–నేహా తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చూడండి. మామూలు అప్పు డిక్రీ అయితే జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగిలిన దాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. అంటే 30,000 జీతంలో జప్తుకు దొరికేది సుమారు 9,666. అదే మనోవర్తి అయితే ఉద్యోగికి మినహాయింపు మూడింట ఒక వంతే. 20,000 దాకా జప్తు చేయొచ్చు. అప్పులవాడి కంటే పిల్లల తిండికి చట్టం ఎంత ఎక్కువ విలువ ఇచ్చిందో చూడండి. నాకైతే ఈ చట్టంలో బాగా నచ్చిన భాగం ఇదే.

“ఉద్యోగం పోయింది, ఎక్కడి నుంచి తేను?” అనే తండ్రులూ ఉంటారు. అది నిజమైన కష్టమే కావచ్చు. దానికీ దారి ఉంది. బీఎన్ఎస్ఎస్ 146వ సెక్షన్ కింద పరిస్థితులు మారాయని చెప్పి మొత్తం తగ్గించమని అడగొచ్చు. కాకపోతే అడగాలి. చెప్పాపెట్టకుండా ఆపేస్తే మాత్రం నెలనెలా బకాయి పెరిగిపోతుంది. ఒళ్లు బాగున్న మనిషి కూలి చేసైనా భార్యాపిల్లలను పోషించాలని 2022లో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. “పిల్లాణ్ని నాకు చూపించట్లేదు, అందుకే కట్టను” అన్నదీ కుదరదు. చూడ్డానికి వేరే పిటిషన్ వేసుకోవాలి. తల్లి మీద కోపం పిల్లాడి అన్నం మీద చూపిస్తానంటే ఎలా?

[తెర మీద: క్యాలెండర్. 12 నెలల మీద చుక్క.]

తల్లులూ, ఇది కాస్త జాగ్రత్తగా వినండి. ఈ వారంట్ దారిలో వెళ్లాలంటే, డబ్బు కట్టాల్సిన రోజు నుంచి ఏడాదిలోపు పిటిషన్ పడాలి. “ఇవాళ కాకపోతే రేపు ఇస్తాడులే”, “పెద్దమనుషులు మాట్లాడుతున్నారుగా” అనుకుంటూ రెండేళ్లు గడిపేస్తారు. అప్పుడు పాత ఏడాది బకాయికి వారంట్ రాదు. హక్కు పోదు, సివిల్ పద్ధతిలో రాబట్టుకోవచ్చని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ అది ఇంకో తిరుగుడు. మూడు నాలుగు నెలలు ఆగిందంటే పిటిషన్ వేసేయండి. రాజీ మాటలు ఆ పక్కన నడవనివ్వండి.

వెళ్లేటప్పుడు ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ, డబ్బు పడిన నెలలు కనిపించే బ్యాంకు పాస్‌బుక్, ఏ నెలకు ఎంత రావాలో రాసిన కాగితం, అతని ఆఫీసు చిరునామా తీసుకెళ్లండి. లాయర్ ఫీజు భయం వద్దు. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది. ఫోన్ నంబర్ 15100.

[తెర మీద: 15100]