తుఫాను రాకముందే రాసుకోవాల్సిన లిస్టు

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న ఆశా అక్కచెల్లెళ్లకు, మందుల షాపుల వాళ్లకు, ఆటో యూనియన్ తమ్ముళ్లకు నమస్కారం. పేరుపేరునా చెబితే నాకిచ్చిన టైము దానికే సరిపోతుంది, మన్నించండి.

విపత్తుల్లో అత్యవసర వైద్యం, అందులో అందరి భాగస్వామ్యం గురించి మాట్లాడమన్నారు. నేను నర్సుగా చేసి రిటైరైన మనిషిని. నాకు మన విశాఖను దెబ్బతీసిన హుద్‌హుద్ తుఫాను దగ్గర్నుంచే మాట మొదలవుతుంది. 2014 అక్టోబర్ 12, ఆదివారం. గంటకు 180 కిలోమీటర్ల గాలి. కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి, రోడ్లన్నీ పడిపోయిన చెట్లే. తర్వాత సాయానికి చాలామంది వచ్చారు. ఎవరు ఎక్కడికెళ్లాలో చెప్పేవాళ్లే లేకపోయారు.

ఒకే కూడలిలో మూడు సంస్థలు మూడు మెడికల్ క్యాంపులు పెట్టాయి. మూడింటిలోనూ జ్వరం బిళ్లలు, దగ్గు మందే. షుగరున్న ఒక పెద్దావిడ ఇన్సులిన్ కోసం మూడు టెంట్లూ తిరిగింది, దొరకలేదు. మధ్యాహ్నానికి టెంట్లు ఎత్తేశారు. అక్కడికి కాస్త దూరంలోనే జాలర్ల కాలనీ. తాగే నీళ్లు పాడై పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. అటు ఒక్కరూ వెళ్లలేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండిపోతుంది. వచ్చినవాళ్లు మంచివాళ్లేనండీ. ముందురోజు ఒక్కచోట కూర్చుని మాట్లాడుకుని ఉంటే సరిపోయేది.

ఇంకో సంగతి. డయాలసిస్ మీద ఉన్న మనిషికి వారానికి రెండు మూడుసార్లు మిషన్ పడాలి. ఒక్కసారికి నూట ఇరవై లీటర్ల దాకా శుద్ధిచేసిన నీళ్లు కావాలి. జనరేటర్‌కు డీజిల్ లేకపోయినా, నీళ్ల ట్యాంకర్ రాకపోయినా ఆసుపత్రి తెరిచి ఉండీ లాభం లేదు. అంటే డీజిల్ ఇచ్చే బంకు, ట్యాంకర్ డ్రైవరు కూడా వైద్యంలో భాగమే. వాళ్లను ఇలాంటి మీటింగులకు ఎప్పుడైనా పిలిచామా?

మనకు చేతకాక కాదు. 2021 ఏప్రిల్‌లో, కోవిడ్ రెండో వేవ్‌లో, మన స్టీల్ ప్లాంట్ ఆక్సిజన్ నింపిస్తే రైల్వే వాళ్లు ఏడు ట్యాంకర్లను రైలెక్కించి మహారాష్ట్రకు పంపారు. దేశంలో మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ విశాఖ సరుకుతోనే నడిచింది. అంత పని చేసిన ఊరు, వార్డులో ఇన్సులిన్ వాడేవాళ్లెవరో రాసుకోలేకపోతుందా?

అమ్మా, ఆశా చెల్లెళ్లూ, నెలలు నిండిన గర్భిణుల వివరాలు మీ రిజిస్టర్‌లోనే ఉంటాయి. తుఫాను హెచ్చరిక రాగానే వాళ్లను ఆసుపత్రి దగ్గరికి చేర్చే ఆటో ఎవరిదో ఈరోజే మాట్లాడుకోండి. మందుల షాపు బాబూ, ప్రతి నెలా ఇన్సులిన్ కొనేదెవరో మీకు తెలుసు. వాళ్లను అడిగి, సరేనంటేనే పేరు రాయండి.

భోజనాలకు లేచేముందు ఒక్కో వార్డు వాళ్లు ఒక్కో బల్ల దగ్గర చేరండి. ఫోన్ నంబరుతో ఆగకండి, సిగ్నల్ ఉండదు. ఇంటి గుర్తు, వీధి పేరు కాగితం మీద రాయండి. అక్టోబర్ వచ్చేలోపు ఆ కాగితం నకళ్లు ఆశా చేతిలో, మందుల షాపులో, ఆటో స్టాండులో ఉండాలి. తెల్ల కాగితాలు నేను తెచ్చాను, వచ్చి తీసుకోండి.