కుండ ఇచ్చేవారు, కుండ నింపేవారు

అందరికీ నమస్కారం.

దానం మాట వస్తే మన సీమలో బుడ్డా వెంగళరెడ్డి గారిని తలుచుకుంటాం. 1866 నాటి కరవులో ఉయ్యాలవాడలో గాదెలు తెరిచి రోజూ వేల మందికి కూడు పెట్టారాయన. ఉంది కాబట్టి పెట్టారని సరిపెట్టుకోవద్దు. గాదె ఉన్న ప్రతివాడూ తలుపు తీయడు. ఇక గాదె లేనివాళ్లు ఏమివ్వగలరో తెలియాలంటే అనంతపురం ఎండల్లో ఒక చలివేంద్రం దగ్గర కాసేపు నిలబడండి.

ఉగాదికి బస్టాండు దగ్గర పందిరి వేస్తారు, ఫ్లెక్సీ కడతారు, మూడు కుండలు పెడతారు. 20 లీటర్ల కుండకు పావు లీటరు గ్లాసులు 80. ఎండనపడి వచ్చిన మనిషి రెండు గ్లాసులు తాగుతాడు. అంటే మూడు కుండలూ 120 మందికి సరి. ఉరవకొండ, కళ్యాణదుర్గం బస్సులు రెండు మూడు వస్తే చాలు, అడుగంటుతాయి. అసలు దాహం పుట్టే మిట్టమధ్యాహ్నానికి కుండలు ఖాళీ. కుండలు కొనిచ్చినాయన మనసు మంచిదే. రోజుకు మూడుసార్లు నింపేదెవరో ఎవరూ అనుకోలేదు.

ఇంకోటి, దాత పేరు కోసం కుండంతా ఆయిల్ పెయింటు పూస్తారు. మట్టిలోని సన్నటి రంధ్రాల్లోంచి నీళ్లు చెమర్చి ఆవిరైతేనే కుండ చల్లబడుతుంది. రంగు ఆ రంధ్రాలను మూసేస్తుంది, నీళ్లు వెచ్చగానే ఉంటాయి. పేరు పందిరి గుంజకు రాయండి. కొత్త కుండ ఒక రోజంతా నాననిచ్చి ఆ నీళ్లు పారబోయండి. కింద తడి ఇసుక, చుట్టూ తడి గోనెపట్టా ఉండాలి. తెల్లగా ఉప్పు పేరితే కొబ్బరిపీచుతో రుద్దండి, సబ్బు వద్దు.

నీళ్లు ఎక్కడివో కూడా చూసుకోవాలి. మన జిల్లాలో చాలా బోర్లలో ఫ్లోరైడ్ ఉంది, కాచినా పోదు. తాగునీటి పథకం కుళాయి నీళ్లే తేవాలి. ముందు డ్రమ్ములో 20 లీటర్లకు అర గ్రాము క్లోరిన్ మాత్ర ఒకటి వేసి, అరగంట ఆగి కుండలో పోయాలి. గ్లాసు ముంచనివ్వొద్దు. పొడుగు కాడ గరిటె ఒక్కరి చేతిలోనే ఉండాలి.

ఆ గరిటె చాలాచోట్ల పక్కన పూలమ్మే ఆమె చేతిలోనే ఉంటుంది. బేరం వదిలి లేచి పోస్తుంది. తాగేవాడి ఊరడగదు, కులమడగదు. పసిపిల్లకైతే గ్లాసు సగమే నింపి, తాగాక మళ్లీ పోస్తుంది. చందాల లెక్కలో ఆమె పేరుండదు. నా మట్టుకు ఆ పందిట్లో అందరికన్నా పెద్ద దాత ఆమే.

అందుకే ఈసారి చందాల పుస్తకం కన్నా ముందు నీళ్లు పోసే వంతుల పుస్తకం తెరిచాం. ఒక్కో వంతు రెండు గంటలు. పొద్దుటివి నిండాయి. పన్నెండు నుంచి రెండు, రెండు నుంచి నాలుగు ఇంకా ఖాళీ. రాయించుకునేవాళ్లు ఈ బల్ల దగ్గరికి రండి.