ఫ్రేమ్‌లో పట్టేసిన సీటు పోస్ట్‌ను బయటికి తీయడం

వ్యాఖ్యాత: నమస్కారం. సైకిల్ మరమ్మతుల గురించి మాట్లాడుకునే మన కార్యక్రమంలో ఈసారి ఒకే ఒక్క సమస్యను తీసుకుంటున్నాం. సీటును మోసే కడ్డీ, అంటే సీటు పోస్ట్, ఫ్రేమ్ గొట్టంలో పట్టేసి, పైకి రాక, కిందికి దిగక, కనీసం పక్కకైనా తిరగక మొండికేస్తే ఏం చేయాలన్నదే ఈ సమస్య. విశాఖపట్నంలో చాలాకాలంగా సైకిళ్లు బాగుచేస్తున్న మాస్టారు మనతో ఉన్నారు. మాస్టారూ, అలాంటి సైకిల్ మీ ముందుకు వస్తే మొదట దేన్ని చూస్తారు?

మాస్టారు: ఏ లోహంలో ఏ లోహం ఇరుక్కుందో చూస్తానమ్మా. అది తెలియకుండా సుత్తి పట్టుకోకూడదు. నా దగ్గర చిన్న అయస్కాంతం ఒకటి ఎప్పుడూ ఉంటుంది. దాన్ని ఫ్రేమ్‌కీ, పోస్ట్‌కీ విడివిడిగా ఆనించి చూస్తాను. అంటుకుంటే ఉక్కు. అంటుకోకపోతే అల్యూమినియమో, కార్బన్ నారలతో చేసినదో అయి ఉండాలి, అరుదుగా టైటానియం కావచ్చు. మన వీధుల్లో తిరిగే పాతరకం సైకిళ్లలో రెండూ ఉక్కే కాబట్టి అక్కడ సమస్య మామూలు తుప్పు. ఉక్కు ఫ్రేమ్‌లో అల్యూమినియం పోస్ట్ ఉన్న సైకిళ్లలో మాత్రం వ్యవహారం వేరు, నా దగ్గరికి వచ్చే కష్టమైన కేసుల్లో ఎక్కువ భాగం అవే.

వ్యాఖ్యాత: అల్యూమినియం తుప్పు పట్టదనే కదా చాలామంది అనుకుంటారు?

మాస్టారు: ఎర్రతుప్పు పట్టదు, అంతవరకు నిజమే. అయితే రెండు వేర్వేరు లోహాలు ఒకదానికొకటి తగిలి ఉండి, వాటి మధ్య ఉప్పునీరు చేరితే అక్కడ బ్యాటరీలో జరిగే చర్యలాంటిదే మొదలవుతుంది, ఆ చర్యలో ఉక్కు నిలబడుతుంది, అల్యూమినియం కరిగిపోతూ తెల్లటి పొడిలాంటి పదార్థంగా మారుతుంది. ఆ పదార్థం అసలు లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. గొట్టానికీ పోస్ట్‌కీ మధ్య ఉండే సందు వెంట్రుకవాసి కాబట్టి, అది నిండిపోయాక పోస్ట్‌ను చుట్టూ నుంచి ఎవరో నొక్కిపట్టినట్టు అవుతుంది. సముద్రపు గాలి తగిలే బాల్కనీలో సైకిల్ పెట్టేవాళ్లకూ, ఇంట్లో ట్రైనర్ మీద, అంటే సైకిల్‌ను కదలకుండా నిలబెట్టే స్టాండు మీద తొక్కుతూ చెమటంతా ఫ్రేమ్ మీద కార్చేవాళ్లకూ ఇది త్వరగా వస్తుంది. పోస్ట్ పెట్టేటప్పుడు గ్రీజు రాయకపోవడం దీనికి మూలకారణం.

వ్యాఖ్యాత: సరే, ఉక్కు ఫ్రేమ్, అల్యూమినియం పోస్ట్ అని తేలింది. పని ఎక్కడ మొదలుపెడతారు?

మాస్టారు: అది నిజంగా పట్టేసిందా, లేక మరేదైనా ఆపుతోందా అని నిర్ధారించుకోవడంతో మొదలుపెడతాను. గొట్టం పైఅంచు దగ్గర పోస్ట్‌ను బిగించే పట్టీ, అంటే సీటు క్లాంప్, దాని బోల్టును పూర్తిగా విప్పి, క్లాంప్‌ను పక్కకు తీసేస్తాను. తర్వాత సీటు గొట్టం మీద నీళ్ల సీసా స్టాండును పట్టుకునే బోల్టులు రెండింటినీ తీస్తాను. ఆ బోల్టు కాస్త పొడవుదైతే దాని కొన లోపలికి వెళ్లి పోస్ట్‌ను నొక్కుతూ ఉంటుంది. పోస్ట్ తుప్పుపట్టి బిగుసుకుందనుకుని బలప్రయోగం చేసేవాళ్లకు ఈ సంగతి తట్టదు, చివరికి పోస్ట్ మీద లోతైన గీత పడుతుంది, ఫ్రేమ్‌లోని మరలు కూడా పోతాయి. ఆ తర్వాత పెడళ్లు ఉండే క్రాంకులు, అవి తిరిగే ఇరుసు భాగమైన బాటమ్ బ్రాకెట్ (బీబీ) విప్పేసి ఫ్రేమ్‌ను తలకిందులు చేస్తాను.

వ్యాఖ్యాత: తలకిందులు చేయడం ఎందుకు?

మాస్టారు: నూనె రెండు వైపుల నుంచీ చేరాలి. పైనుంచి పోస్తే అంచు దగ్గర కొంత దిగి ఆగిపోతుంది. బీబీ గూడులోంచి సీటు గొట్టంలోకి చూస్తే పోస్ట్ కింది అంచు కనిపిస్తుంది కాబట్టి, ఫ్రేమ్ తలకిందులుగా ఉన్నప్పుడు తుప్పు వదిలించే పల్చటి నూనెను అక్కడి నుంచి పోస్తే అది పోస్ట్ చుట్టూ నిలుస్తుంది. పోస్ట్ లోపల బోలుగా ఉంటే నూనె మధ్యలోంచి కారిపోతుంది, అందుకని సీటు వైపు నుంచి గుడ్డ కుక్కాలి. తర్వాత ఫ్రేమ్‌ను నిలబెట్టి పైఅంచు దగ్గర కూడా వేసి, రాత్రంతా వదిలేస్తాను. మధ్యలో పోస్ట్ తల మీద చెక్కసుత్తితో అన్ని వైపులా చిన్నచిన్న దెబ్బలు వేస్తే ఆ కదలికకు తెల్లపొడిలో పగుళ్లు వచ్చి నూనె లోపలికి పాకుతుంది. తొందరపడే కొద్దీ ఫ్రేమ్‌కు హాని పెరుగుతుంది. పోస్ట్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు, గొట్టం వంగితే సైకిలే పోతుంది. నా పద్ధతిలో ప్రతి అడుగూ ఈ ఒక్క లెక్క మీదే ఆధారపడి ఉంటుంది.

వ్యాఖ్యాత: కొందరు మంటతో వేడిచేస్తారని విన్నాను. మీరు ఆ దారికి వెళతారా?

మాస్టారు: ఇందుకే మొదట లోహం చూడమన్నాను. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. ఉక్కు గొట్టం లోపల అల్యూమినియం పోస్ట్ ఉన్నప్పుడు మొత్తం వేడిచేస్తే లోపలిది ఇంకా ఉబ్బి ఇంకా బిగుస్తుంది, పైగా ఫ్రేమ్ రంగు మాడిపోతుంది. చల్లబరచడం సరైన దారి. 27.2 మిల్లీమీటర్ల అల్యూమినియం పోస్ట్ 50 డిగ్రీలు చల్లబడితే దాని వ్యాసం సుమారు 0.03 మిల్లీమీటర్లు తగ్గుతుంది. చూడటానికి అది ఏమీ కాదనిపిస్తుంది, కానీ మనకు కావలసిన సందు కూడా అంతే. డ్రై ఐస్, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, దొరికితే చేతులకు మందపాటి తొడుగులు వేసుకుని, గాలి బాగా ఆడేచోట, పోస్ట్ బోలులోకి ముక్కలు నింపుతాను. దాని ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 78 డిగ్రీలు. దొరకని రోజు మామూలు ఐసులో ఉప్పు కలిపి సన్నటి సంచిలో నింపి లోపలికి దింపినా కొంత ఫలితం ఉంటుంది. పోస్ట్ చల్లబడి, ఫ్రేమ్ ఇంకా వెచ్చగా ఉన్న ఆ కొద్ది నిమిషాల్లోనే తిప్పాలి.

వ్యాఖ్యాత: రెండూ ఉక్కే అయిన పాత సైకిల్ సంగతి?

మాస్టారు: అక్కడ బయటి గొట్టాన్ని వేగంగా వేడిచేస్తే పనికొస్తుంది, ఎందుకంటే లోపలి దానికి వేడి చేరేలోగా బయటిది కొంచెం విప్పారుతుంది. రంగు పోతుందని యజమానికి ముందే చెప్పాలి. ఒక్క హెచ్చరిక మాత్రం గట్టిగా చెబుతున్నానమ్మా. కిరోసినో, తుప్పు వదిలించే నూనో పోసిన గొట్టం దగ్గరికి మంట తీసుకురాకూడదు. లోపల ఆవిరి నిలిచి ఉంటుంది, అది ఒక్కసారిగా అంటుకుంటుంది.

వ్యాఖ్యాత: తిప్పడం అన్నారు. దాన్ని ఎలా చేస్తారో వివరించండి.

మాస్టారు: సీటును, దాన్ని పట్టుకునే బిగింపు ముక్కలను తీసేసి, పోస్ట్ తలను బల్లకు బిగించిన పెద్ద బెంచ్ వైస్‌లో పట్టిస్తాను. అంటే ఫ్రేమ్ తలకిందులుగా వైస్ మీద నిలబడుతుంది. ఇప్పుడు ఫ్రేమే మనకు పొడవాటి పిడి అవుతుంది. ఒక చేత్తో హ్యాండిల్ ఉండే హెడ్ గొట్టాన్నీ, ఇంకో చేత్తో వెనక చక్రం కూర్చునే చోటునూ పట్టుకుని, కుదుపు లేకుండా నిదానంగా బలం పెంచుతూ తిప్పుతాను. నేరుగా లాగడం నా పద్ధతి కాదు. ముందు తిరగాలి, తిరిగిన తర్వాతే లాగాలి. పట్టు విడిచేటప్పుడు టక్కుమని ఒక చప్పుడు వస్తుంది, చెయ్యికి కూడా తెలుస్తుంది. అక్కడితో సంబరపడి ఒకే వైపు తిప్పుకుంటూ పోకుండా, కాస్త అటూ కాస్త ఇటూ ఊపుతూ, మళ్లీ నూనె వేస్తూ పైకి తీసుకురావాలి. లేకపోతే రాలిన పొడి అడ్డంపడి మధ్యలో మళ్లీ పట్టేస్తుంది.

వ్యాఖ్యాత: ఎంత బలం వరకు ఫర్వాలేదు? ఆగవలసిన చోటు ఎలా తెలుస్తుంది?

మాస్టారు: సీటు గొట్టం దగ్గర చూపు ఉంచాలి. వెనక చక్రం దగ్గరి నుంచి పైకి వచ్చే సన్నటి గొట్టాలు రెండూ వంపు తిరుగుతున్నట్టు కనిపించినా, అతుకుల దగ్గర రంగు చిట్లినా వెంటనే ఆపేయాలి. బయట 28.6 మిల్లీమీటర్లు ఉండి, లోపల 27.2 పోస్ట్ పట్టే గొట్టం గోడ మందం ఎంతో లెక్క వేయండి. 0.7 మిల్లీమీటర్లు. ఇద్దరు మనుషులు కలిసి మెలితిప్పితే అది తట్టుకోదు. ఫ్రేమ్ కార్బన్‌దైతే ఈ వైస్ పని మొదలే పెట్టను. నారలు ఎక్కడ చిట్లాయో పైకి కనిపించదు, తర్వాత రోడ్డు మీద తెలుస్తుంది. కార్బన్‌కు మంట కూడా పనికిరాదు, నారలను పట్టి ఉంచే రెసిన్ మెత్తబడుతుంది.

వ్యాఖ్యాత: ఇవన్నీ చేసినా కదలకపోతే?

మాస్టారు: అప్పుడు పోస్ట్‌ను వదులుకోవాలి. ఈ నిర్ణయానికి త్వరగా రావడం మంచిదని నా అభిప్రాయం. ఆ పోస్ట్‌ను కూడా కాపాడాలన్న పట్టుదలతోనే చాలా ఫ్రేములు పాడవుతాయి. ఫ్రేమ్ అంచుకు పైన రెండు మూడు సెంటీమీటర్లు వదిలి పోస్ట్‌ను అడ్డంగా కోసేస్తాను. తర్వాత హాక్సా ఫ్రేమ్‌లోంచి బ్లేడును విడిగా తీసి, ఒక కొనకు మందంగా గుడ్డ చుట్టి, పళ్లు నా వైపు లాగినప్పుడు కోసేలా పెట్టుకుని, పోస్ట్ బోలులోకి దింపి లోపలి నుంచి గోడను నిలువుగా కోస్తాను. బ్లేడు పొడవు 300 మిల్లీమీటర్లు కాబట్టి మామూలుగా పోస్ట్ అడుగు వరకూ అందుతుంది. ఇది ఓపిక పరీక్షించే పని. ఒక గీత పూర్తవడానికి గంట దాటినా ఆశ్చర్యం లేదు.

వ్యాఖ్యాత: లోపల కనిపించకుండా కోస్తున్నారు కదా, ఫ్రేమ్ గోడ దాకా వచ్చారని ఎలా తెలుస్తుంది?

మాస్టారు: మంచి ప్రశ్న, ఈ పనిలో నేర్పంతా అక్కడే ఉంది. అల్యూమినియం పొడి తెల్లగా మెరుస్తూ, కాస్త పెద్ద పలుకులుగా రాలుతుంది. ఉక్కు తగిలితే పొడి నల్లగా, సన్నగా మారుతుంది, బ్లేడు జారుతున్నట్టు అనిపిస్తుంది, చప్పుడు కూడా సన్నబడుతుంది. నేను కింద తెల్లకాగితం పరిచి, కొద్దిసేపటికోసారి గొట్టాన్ని దాని మీద దులిపి, పొడి రంగు చూస్తూ ఉంటాను. అయస్కాంతం మళ్లీ ఇక్కడ ఉపయోగపడుతుంది. పొడిలో పెట్టి తీస్తే ఉక్కు రజను దానికి అంటుకుని వస్తుంది. ఒక్క రవ్వ అంటినా ఆ చోట కోత ఆపి, ఇంకా తెగని చోటికి జరుగుతాను. ఫ్రేమ్ కూడా అల్యూమినియమే అయితే ఈ ఆనవాళ్లు ఏవీ ఉండవు. అక్కడ టార్చి వేసి కొలిచి చూసుకుంటూ కోయడమే దారి, పూర్తిగా తెగక ముందే ఆపేసి మిగిలిన పల్చటి పొరను విరిచేయాలి.

వ్యాఖ్యాత: ఒక గీత సరిపోతుందా?

మాస్టారు: సన్నటి పట్టీ వేరుపడేలా పక్కపక్కనే రెండు గీతలు కోస్తాను. ఆ పట్టీని పొడవాటి ఉలితో లోపలికి తట్టి, కటింగ్ ప్లేయరుతో పట్టుకుని లాగేస్తే పోస్ట్ గుండ్రటి గోడలో ఖాళీ ఏర్పడుతుంది. దాంతో దాని బిగువు పోతుంది, పైన మిగిల్చిన అంచును ప్లేయరుతో లోపలికి నొక్కి చుట్టేస్తే ముడుచుకుంటూ బయటికి వచ్చేస్తుంది. పైన రెండు మూడు సెంటీమీటర్లు మిగల్చమన్నది ఈ పట్టు కోసమే.

వ్యాఖ్యాత: కాస్టిక్ సోడా పోసి కరిగించే పద్ధతి గురించి మీ అభిప్రాయం?

మాస్టారు: ఫ్రేమ్ ఉక్కుదైతే అది పనిచేస్తుంది. కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది, ఉక్కు జోలికి వెళ్లదు. కానీ ఆ చర్యలో మండే హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది, ద్రావణం కుతకుతలాడి పైకి చిమ్ముతుంది, కంటిలో పడితే చూపే పోవచ్చు. కళ్లద్దాలు, రబ్బరు తొడుగులు, ఆరుబయలు స్థలం, దరిదాపుల్లో నిప్పు లేకపోవడం, నీళ్లలో సోడాను కొంచెం కొంచెంగా వేయడమే తప్ప సోడా మీద నీళ్లు పోయకపోవడం, ఇవన్నీ తప్పనిసరి. ఫ్రేమ్ రంగునూ తినేస్తుంది. అల్యూమినియం ఫ్రేమ్‌లో పోస్తే ఫ్రేమే కరిగిపోతుంది. పిల్లలు తిరిగే ఇంట్లో చేయవద్దని నేను ఖండితంగా చెబుతాను, బ్లేడుతో అయ్యే పనికి ఇంత ప్రమాదం తెచ్చుకోనక్కరలేదు.

వ్యాఖ్యాత: పోస్ట్ బయటికి వచ్చేసింది. కొత్తది వెంటనే పెట్టేయవచ్చా?

మాస్టారు: లోపల అంటుకున్న తెల్లపొడినీ తుప్పునీ ముందు వదిలించాలి. సన్నటి కర్రకు గరుకు కాగితం చుట్టి గొట్టంలో తిప్పి, కిరోసిన్ గుడ్డతో తుడిచి, ఆరబెట్టాలి. కొత్త పోస్ట్ కొలత విషయంలో పొరబాటు పడకూడదు. పాత పోస్ట్ మీద సాధారణంగా అంకె చెక్కి ఉంటుంది. లేకపోతే పాడవని చోట వెర్నియర్ కాలిపర్‌తో కొలవాలి. 27.2 ఉండవలసిన చోట 27.0 పెడితే క్లాంప్ ఎంత బిగించినా జారుతుంది, మరీ బిగిస్తే గొట్టం పైఅంచు ముడుచుకుపోతుంది. ఫ్రేమ్, పోస్ట్ రెండూ లోహమైతే గొట్టం లోపలా పోస్ట్ చుట్టూ గ్రీజు పల్చగా, కానీ ఎక్కడా ఖాళీ లేకుండా రాయాలి. రెండింటిలో ఏదైనా కార్బన్ అయితే గ్రీజు బదులు దానికోసమే అమ్మే కార్బన్ పేస్టు వాడాలి. పోస్ట్ మీద కనీస లోతు గీత ఉంటుంది, అది గొట్టం లోపలికి దిగి ఉండాలి. సముద్రం దగ్గర ఉండేవాళ్లు వానాకాలానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి పోస్ట్ తీసి, తుడిచి, గ్రీజు మార్చుకోవాలి. తీసే ముందు ఎత్తు గుర్తుండేలా ఫ్రేమ్ అంచు దగ్గర పోస్ట్ చుట్టూ ఇన్సులేషన్ టేపు ఒక చుట్టు వేసుకుంటే, మళ్లీ అదే ఎత్తుకు దించవచ్చు.