మామయ్య కొడుకు కోడలు

అందరికీ నమస్కారం. నేను చాలా ఏళ్ళు ప్రూఫులు దిద్దినవాణ్ణి. ఆ పని చేసినవాడికి అన్నంలో రాయి కనపడదు గానీ, శుభలేఖలో తప్పు కామా మాత్రం ఆమడ దూరం నుంచి కనపడుతుంది. భోజనాలకు ముందు దాని గురించే మాట్లాడమన్నారు.

మొన్న మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం. మా తమ్ముడు వాట్సాప్‌లో మెసేజి పెట్టాడు: ‘మామయ్య కొడుకు కోడలు వస్తున్నారు’. ఎన్ని విస్తళ్ళు వెయ్యాలి? మామయ్య, కొడుకు, కోడలు అయితే మూడు. మామయ్య కొడుకు, కోడలు అయితే రెండు. మామయ్య కొడుక్కి కోడలైన ఆవిడ ఒక్కరే వస్తూ, మావాడు మర్యాదకు ‘వస్తున్నారు’ అన్నాడనుకుంటే ఒకటి. ‘వ్యాకరణం తర్వాత చూద్దురు గాని, ముందు వంటాయనకి లెక్క చెప్పండి’ అంది మా ఆవిడ. ఫోన్ చేశాను. ‘మామయ్యా కొడుకూ కోడలూ అన్నయ్యా’ అన్నాడు. ఈసారి నేనూ లెక్కలోకి వచ్చేశాను.

నవ్వకండి, అసలు సంగతి అందులోనే ఉంది. మనకు దీర్ఘమే కామా. ‘వచ్చాడా’ అన్న దీర్ఘంలో ప్రశ్నార్థకం ఉంది. కొటేషన్ గుర్తుల పని ‘అని’ చేసేస్తుంది. తాటాకు మీద రాసినవాళ్ళు కామా మాట అటుంచి, మాటకీ మాటకీ మధ్య ఖాళీ కూడా వదల్లేదు.

ఇంగ్లీషుకు ఆ వెసులుబాటు లేదు. అమెరికాలో మెయిన్ రాష్ట్రం. అక్కడి ఓవర్‌టైమ్ చట్టంలో, పాడైపోయే సరుకుతో చేసే ఏయే పనులకు అదనపు జీతం అక్కర్లేదో వరసగా రాశారు: డబ్బాల్లో నింపడం, గడ్డకట్టించడం, ఎండబెట్టడం, నిల్వ చేయడం... చివర ‘రవాణా లేదా పంపిణీ కోసం ప్యాకింగ్’ అని చదువుకోవడానికి వీలుగా ఒక ముక్క. ‘లేదా’కు ముందు కామా లేదు. మరిచిపోయి కాదు, ఆ కామా పెట్టొద్దని చట్టాలు రాసేవాళ్ళ రూల్ బుక్కే చెప్పింది! ఓక్‌హర్స్ట్ డెయిరీ డ్రైవర్లు పట్టుకున్నారు: ‘ఈ జాబితాలో ఉన్నది ప్యాకింగు, మేం చేసేది పంపిణీ. మా ఓవర్‌టైమ్ మాకివ్వండి’. కంపెనీ ఏమో ప్యాకింగు వేరు, పంపిణీ వేరు, రెండూ జాబితాలో ఉన్నాయంది. 2017లో అప్పీలు కోర్టు చట్టంలో స్పష్టత లేదని డ్రైవర్ల వైపు మొగ్గింది. 2018లో కంపెనీ 50 లక్షల డాలర్లకు రాజీ పడింది. అదే మన గుమాస్తా రాసుంటే ‘ప్యాక్ చేయడం గానీ, పంపిణీ చేయడం గానీ’ అని రెండు గానీలు కొట్టి ఇంటికి పోయేవాడు.

మరి కోర్టు తీర్పు తర్వాత మెయిన్ శాసనసభ ఏం చేసిందనుకున్నారు? ఆ ఒక్క కామా పెడితే సరిపోయేది. పెట్టలేదు. జాబితా పొడుగునా ఉన్న కామాలన్నీ తీసేసి సెమీకోలన్లు పెట్టింది! మన బళ్ళో దాన్ని అర్ధవిరామం అని నేర్పుతారు. మా మనవడు మాత్రం ఫోన్లో కన్ను కొట్టడానికి వాడతాడు. వాడికి ఆ చట్టం చూపించాను.

‘ఎవరికి తాతయ్యా, ఇన్నిసార్లు కన్ను కొడుతున్నారు?’ అన్నాడు.