నీళ్ల కోసమా, గట్టు కోసమా? ఉభయచర బండికి ట్రెడ్ ఎటు తిప్పాలి

హోస్ట్: నమస్కారం. ఇవాళ టైర్ల గురించే మాట్లాడుకుందాం. నేల మీదా నీళ్లలోనూ నడిచే ఆరు చక్రాల బండికి కొత్త టైర్లు వేయించేటప్పుడు అందరూ ఒక్కచోట ఆగిపోతారు. ట్రెడ్ మీద, అంటే టైరు నేలకు తాకే గాళ్ల భాగం మీద, బాణంలా ఉండే ఆ ఆకారం ఎటు చూడాలి? అన్నా, ఈ బళ్లతో మీకు చాలా ఏళ్ల అనుభవం ఉంది. మీరే మొదలుపెట్టండి.

అతిథి: ముందు ఈ బండిలో టైరు ఎన్ని పనులు చేస్తుందో చూడమ్మా. ఇందులో అటూ ఇటూ తిరిగే ముందు చక్రాలు లేవు. ఒక వైపు చక్రాలకు బ్రేకు పడుతుంది, రెండో వైపువి నడుస్తాయి, బండి తిరుగుతుంది. చాలా బళ్లలో కుదుపును ఆపే స్ప్రింగుల ఏర్పాటు, అదే సస్పెన్షన్, ఉండదు. అందుకే టైర్లలో చాలా తక్కువగా, 2 నుంచి 5 పీఎస్‌ఐ గాలే పెడతారు, కుదుపంతా వాటి మీదే పడుతుంది. ఇక నీళ్లలో ప్రత్యేకంగా మోటారు బిగించుకోకపోతే తెడ్డు వేసేదీ ఆ టైర్లే.

హోస్ట్: బాణం ఎటున్నా తెడ్డు తెడ్డే కదా?

అతిథి: కాదు. మామూలుగా బిగించిన టైరును పైనుంచి చూస్తే బాణం మొన బండి ముందు వైపు ఉంటుంది. ట్రాక్టర్ వెనక టైర్లు కూడా అంతే. దొర్లేటప్పుడు మొన ముందు నేలకు తాకి, నాగలి కర్రులా బురదను చీలుస్తుంది. బురద రెండు పక్కలకూ జారిపోతుంది, మళ్లీ పైకి వచ్చేసరికి బటన్ల మధ్య, అంటే ట్రెడ్ మీద ఎత్తుగా ఉండే రబ్బరు దిమ్మెల మధ్య, ఖాళీగా ఉంటుంది. నీళ్లలోనూ అదే జరుగుతుంది, నీళ్లు పక్కలకు జారిపోతాయి. అక్కడ మాత్రం అది మనకు నష్టం.

హోస్ట్: తిరగేస్తే?

అతిథి: దోసిలి పట్టినట్టు ఉంటుంది. బటన్ల అంచులు ముందు దిగి, నీళ్లను మధ్యకు పోగుచేసి వెనక్కి నెడతాయి. బండిని ముందుకు తోసే బలం కాస్త పెరుగుతుంది. కాస్తే, గుర్తుపెట్టుకో. టైర్లతో ఈదే బండి మనిషి నడకంత వేగంగా పోతే గొప్ప. పైగా చక్రం కింది సగం నీళ్లను వెనక్కి నెడితే, పై సగం ముందుకి నెడుతుంది. సామాను ఎక్కువై బండి లోతుగా మునిగిన కొద్దీ పై సగం కూడా నీళ్లలోకి వచ్చి, కింది సగం చేసిన పనిని చెడగొడుతుంది. అందుకే నీళ్లలో వేగం కావాలని అడిగేవాళ్లకు ముందు బరువు తగ్గించమంటాను.

హోస్ట్: మీరు తిరగేసి చూశారా?

అతిథి: ఆరింటికి ఆరూ తిరగేశాను. చెరువు దాటడం నిజంగా బాగుంది, తేడా తెలిసింది. కానీ అవతలి గట్టు దగ్గర ఇరుక్కుపోయాను. బండి ముక్కు గట్టుకు ఆనింది, తోక ఇంకా తేలుతోంది. ముందు టైర్లు తిరిగిన కొద్దీ బురదను మధ్యకు లాక్కుని గట్టిగా మెత్తుకున్నాయి. రెండు నిమిషాల్లో బటన్లే కనబడకుండా గుండ్రటి ముద్దలయ్యాయి. నడుములోతు నీళ్లలోకి దిగి, చెట్టుకు తాడు కట్టి, బండికున్న తాడు చుట్టే యంత్రం, అదే వించితో లాగాల్సి వచ్చింది.

హోస్ట్: అంత టెన్షన్ గట్టు దగ్గరే ఎందుకు?

అతిథి: ఇదే అందరికీ అర్థం కావాలని నా ఆశ. గట్టెక్కే ఆ క్షణంలో బండి బరువు సగం ఇంకా నీళ్లే మోస్తుంటాయి. ముందు టైర్ల మీద పడే బరువు చాలా తక్కువ. బరువు లేకపోతే పట్టు లేదు. దానికి తోడు అక్కడ ఉండేది బాగా నానిన మట్టి. కాబట్టి ట్రెడ్ తనను తాను శుభ్రం చేసుకోవడం మరెక్కడా లేనంతగా అక్కడ అవసరం. చెరువు మధ్యలో రెండు నిమిషాలు ఆలస్యమైతే ఏం పోదు. గట్టు దగ్గర జారి వెనక్కి పోతే, ఏటవాలుగా ఉన్న బండిలోకి వెనక నుంచి నీళ్లు వచ్చే ప్రమాదం ఉంది.

హోస్ట్: అంటే ఇప్పుడు ఆరూ మామూలుగానే ఉన్నాయా?

అతిథి: నాలుగు. వెనక జత మాత్రం తిరగేసి ఉంచాను. ముందువి గట్టును పట్టుకుంటున్నప్పుడు వెనకవి ఇంకా నీళ్లలోనే ఉంటాయి కదా, అవి తెడ్డు పని చేస్తాయి. ఇది నా బండికి, నేను తిరిగే నేలకు కుదిరింది. నీళ్లలోకి అప్పుడప్పుడే దిగేవాళ్లయితే అన్నీ మామూలుగానే పెట్టుకోండి. తయారీదారు టైరు పక్కన బాణం వేసి ఉంటే దాన్నే పాటించండి. ఎనిమిది చక్రాల బండికైనా నేను అన్నీ మామూలుగానే పెడతాను.

హోస్ట్: సొంతంగా పరీక్షించాలనుకుంటే టైర్లు రిమ్ నుంచి ఊడదీయాలా?

అతిథి: అక్కర్లేదమ్మా. చక్రాన్ని రిమ్‌తో సహా ఎడమ నుంచి కుడికి మార్చు, చాలు. వాల్వు బయటికే ఉంటుంది, ట్రెడ్ దిశ మాత్రం తిరగబడుతుంది. నిలకడ నీళ్లలో, లోతు లేనిచోట, రెండు గుర్తులు పెట్టుకుని అటూ ఇటూ వెళ్లి టైము చూడు. ఒక్క వైపే వెళ్తే గాలి మోసం చేస్తుంది. చక్రాలు మార్చక ముందూ, మార్చాకా ఇలాగే చూడు, రెండుసార్లూ బరువు, టైరు గాలి ఒకేలా ఉండాలి. తర్వాత అదే బండిని బురద గట్టు మీదికి ఎక్కించి చూడు. చాలామంది మొదటిది చేసి ఆగిపోతారు.

హోస్ట్: టైరు గాలి అన్నారు కాబట్టి ఒక్క ప్రశ్న. మధ్య చక్రాల్లో కొంచెం ఎక్కువ పెట్టాలంటారు, నిజమేనా?

అతిథి: ఆరు చక్రాల బండికి నిజమే. బండి తిరిగేటప్పుడు ముందూ వెనకా టైర్లు నేల మీద పక్కకు ఈడ్చుకుపోతాయి. మధ్యవి కాస్త గట్టిగా ఉంటే బరువు వాటి మీదికి వచ్చి, బండి తేలిగ్గా తిరుగుతుంది. ఎక్కువ తేడా మాత్రం పెట్టకూడదు. ఒక వైపు చక్రాలన్నీ గొలుసులతో కలిసి తిరుగుతాయి. చుట్టుకొలతలు తేడా వస్తే ఆ ఒత్తిడి గొలుసుల మీద పడుతుంది. పాత టైర్లూ కొత్త టైర్లూ కలిపి వేయొద్దనేదీ అందుకే.

హోస్ట్: చక్రాలు మార్చాక?

అతిథి: కొద్ది దూరం నడిపి, నట్లు మళ్లీ బిగించండి. నీళ్లలోకి దిగే ముందు బండి అడుగున నీళ్లు పోయే రంధ్రాలకు ఉండే మూతలు, అదే డ్రెయిన్ ప్లగ్గులు, బిగించి ఉన్నాయో లేదో చేత్తో తాకి చూడండి. లైఫ్ జాకెట్ వేసుకోండి. తాడు చేతికందేలా పెట్టుకోండి, సీటు కింద కాదు.