జంటపదాల పరీక్షకు నిలబడే ఇంగ్లీషు నిఘంటువు ఏది?

నమస్కారం. నిఘంటువు నాణ్యత తెలుసుకోవడానికి అందులో ఎన్ని లక్షల మాటలున్నాయో లెక్కపెట్టనక్కరలేదు; 'హ్యూ అండ్ క్రై' అనే జంటపదాన్ని వెతికి చూస్తే చాలు. నలువైపులా చెలరేగిన గగ్గోలును ఇంగ్లీషులో అలా అంటారు. 'హ్యూ' అంటే రంగు అని మాత్రమే తెలిసిన పాఠకుడికి, రంగుకూ కేకకూ పొత్తు ఎలా కుదిరిందో అంతుపట్టదు. ఇక్కడి 'హ్యూ' పాత ఫ్రెంచి నుంచి వచ్చిన వేరే మాట, దాని అర్థం అరుపు. 1884లో తొలి భాగం వెలువడి 1928లో పూర్తయిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ ఈ రెండు 'హ్యూ'లనూ విడివిడి ఆరోపాలుగా, అంటే అర్థవివరణకు తలమాటలుగా, చూపుతుంది. ఈ పరీక్షలో దానికి నేను పూర్తి మార్కులే వేస్తాను.

నేర్చుకునేవారి కోసం తయారైన ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ పద్ధతి వేరు. నుడికారాన్ని అందులోని మొదటి ముఖ్యపదం కింద చేర్చడం దాని నియమం. అచ్చుపుస్తకంలో చోటు కలిసివచ్చే ఏర్పాటే గాని, బంధుమిత్రులు అనే అర్థమున్న 'కిత్ అండ్ కిన్' విషయంలో ఇది కొంత విడ్డూరంగా ఉంటుంది. ఒకప్పుడు ఎరిగినవారు, ఎరిగిన చోటు అనే అర్థాలున్న 'కిత్' నేటి వాడుకలో ఒంటరిగా దాదాపు కనిపించదు. మన 'పిల్లాజెల్లా'లో జెల్లాను విడదీసి అర్థం అడిగినట్లే ఉంటుంది. ఇలాంటి జంటకు సొంత ఆరోపమే ఇవ్వాలన్నది నా అభిప్రాయం.

అర్థం చెప్పి ఊరుకుంటే కూడా పని పూర్తికాదు. భాషాశాస్త్రవేత్త యాకొవ్ మాల్కీల్ 1959లో ఇలాంటి జంటపదాలను, మాటల వరుస తారుమారు కాని జంటలుగా పరిశీలించారు. 'బ్రెడ్ అండ్ బటర్', 'సాల్ట్ అండ్ పెప్పర్' జంటల్లో పొట్టి మాట ముందు, పొడుగు మాట వెనుక నిలుస్తాయి. ఇది అన్నిచోట్లా చెల్లే సూత్రం కాదు కనుక, వరుస మార్చకూడదన్న హెచ్చరికను నిఘంటువే ఇవ్వాలి. జీవనాధారం అనే అర్థంలో 'బటర్ అండ్ బ్రెడ్' అని రాసిన విద్యార్థికి వ్యాకరణం ఏ తప్పూ చూపదు. చెవికి మాత్రం అది వెంటనే తెలిసిపోతుంది.

న్యాయభాషలో 'నల్ అండ్ వాయిడ్' వంటివి మరో తరహా. రెండు మాటలకూ ఇంచుమించు ఒకటే అర్థం కనుక, అనువాదకుడు రెండో మాటకు వేరే అర్థం వెతుక్కుంటూ కూర్చోకుండా 'చెల్లదు' అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోవచ్చని అక్కడే చెప్పే నిఘంటువునే నేను బల్లమీద ఉంచుకుంటాను.