పరిశోధన ఫలితం వచ్చింది, మాత్ర మానేయమంటారా?

(ఆరోగ్య ఫోన్-ఇన్ కార్యక్రమం, లిఖిత పాఠం)

నిర్వాహకురాలు: శ్రోతలందరికీ నమస్కారం. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లోని తెలుగువారి కోసం బరంపురం నుంచి మేము అందిస్తున్న ఫోన్-ఇన్ కార్యక్రమానికి స్వాగతం. గుండె, మెదడు, మూత్రపిండాలు, రక్తం, వీటికి సంబంధించి ఇటీవలి సంవత్సరాల్లో వెలువడిన వైద్య పరిశోధనల గురించి ఈరోజు అడగవచ్చు. డాక్టర్ గారూ, మొదటి ఫోన్ తీసుకునే ముందు మీరేమైనా చెబుతారా?

వైద్యుడు: నమస్కారమమ్మా. ఫలానా మందు పనికిరాదని తేలిందనో, ఫలానా మందు అద్భుతమనో సెల్‌ఫోన్‌లో చదివి వచ్చేవారు ఈమధ్య ఎక్కువయ్యారు. చదవడం మంచిదే. అయితే ఆ పరిశోధనను ఎలాంటి రోగుల మీద జరిపారు, తాము ఆ కోవలోకి వస్తారా అన్న సంగతి మాత్రం ఎవరూ అడగరు. నాకు ఫోన్ చేసేవారిని ఈరోజు నేనే ఆ ప్రశ్న అడుగుతాను.

నిర్వాహకురాలు: పర్లాకిమిడి నుంచి ఒక అమ్మగారు లైన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత (పర్లాకిమిడి): నమస్కారం డాక్టరు బాబూ. మా ఆయనకు రెండేళ్ల కిందట గుండెపోటు వస్తే విశాఖపట్నం తీసుకువెళ్లి స్టెంటు వేయించాము. అప్పటి నుంచి మెటోప్రొలాల్ మాత్ర వాడుతున్నారు. ఆ మాత్ర వల్ల ఉపయోగం లేదని కొత్తగా తేలిందట, మా పెద్దబ్బాయి చదివి చెప్పాడు. అది వేసుకుంటే నీరసంగా ఉంటుందని ఈయన ముందే గొణుగుతుంటారు, ఇప్పుడు మానేస్తానంటున్నారు. మానేయవచ్చా బాబూ?

వైద్యుడు: మీ అబ్బాయి చదివినది అబద్ధం కాదమ్మా, కానీ సగమే. ఆయన ఎకో పరీక్ష కాగితం మీ దగ్గర ఉందా?

శ్రోత: చేతిలోనే పట్టుకున్నాను. ఇంగ్లీషులో ఎల్‌వీఈఎఫ్ అని ఉంది, దాని పక్కన 58 శాతం అని రాసి ఉంది.

వైద్యుడు: కాగితం పట్టుకుని ఫోన్ చేసినందుకు సంతోషం. మనవాళ్లు డిశ్చార్జి కాగితాలను భూమి పట్టాల పక్కన బీరువాలో భద్రంగా దాచి, ఆసుపత్రికి మాత్రం ఖాళీ చేతులతో వస్తారు. ఆ 58 అనే అంకె ఏమిటంటే, గుండె తన ఎడమ గదిలో నిండిన రక్తంలో, కొట్టుకున్న ప్రతిసారీ ఎంత భాగం బయటికి పంపుతోందో చెప్పే లెక్క. 50కి పైన ఉంటే గుండె పంపింగు బాగా నిలిచిందని అర్థం. మీ ఆయన వాడే మెటోప్రొలాల్ బీటా బ్లాకర్ అనే రకం మందు, అంటే గుండె వేగాన్ని, బీపీని తగ్గించేది. గుండెపోటు వచ్చిన వారందరికీ బీటా బ్లాకర్ ఇవ్వాలన్న పద్ధతి స్టెంట్లు లేని రోజుల్లో స్థిరపడింది. మూసుకుపోయిన రక్తనాళాన్ని గంటల్లో తెరవగలుగుతున్న ఈ కాలంలో కూడా అది అవసరమా అని తేల్చడానికి స్వీడన్ ఆధ్వర్యంలో రెడ్యూస్-ఏఎంఐ అనే పరిశోధన జరిగింది. పంపింగు 50 శాతం, అంతకు పైన ఉన్న 5,020 మందిని తీసుకుని, కొందరికి మాత్ర ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా చూశారు. మరణాల్లో గానీ, మళ్లీ గుండెపోటు రావడంలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని 2024లో ప్రకటించారు. 2025లో స్పెయిన్, ఇటలీ దేశాల రీబూట్ పరిశోధన కూడా దాదాపు అదే చెప్పింది.

శ్రోత: అయితే మానేయవచ్చన్నమాటే కదా?

వైద్యుడు: తొందరపడకండమ్మా. ఆ రెండు పరిశోధనలూ గుండెపోటు వచ్చిన కొత్తలో మాత్ర మొదలుపెట్టాలా వద్దా అని చూసినవి. మీ ఆయన రెండేళ్లుగా వాడుతున్నారు కాబట్టి, మీ ప్రశ్నకు దగ్గరగా ఉన్నది ఫ్రాన్సులో జరిగిన ఎబిస్ పరిశోధన. అందులో, మాత్ర వాడుతూ నిలకడగా ఉన్న 3,698 మందిలో సగం మంది చేత దానిని మాన్పించారు. మానేసిన వారిలో 23.8 శాతం మందికి, కొనసాగించిన వారిలో 21.1 శాతం మందికి మరణం, గుండెపోటు, పక్షవాతం, లేదా గుండె సమస్యతో ఆసుపత్రిలో చేరడం వీటిలో ఏదో ఒకటి ఎదురైంది. ఈ తేడా ముఖ్యంగా ఆసుపత్రిలో చేరికల వల్ల వచ్చింది. పైగా మానేసిన వారికి బీపీ, నాడి వేగం పెరిగాయి. మీ ఆయనకు బీపీ ఉందా?

శ్రోత: ఉంది బాబూ. దానికి వేరే మాత్ర ఏమీ ఇవ్వలేదు, దీనితోనే అదుపులో ఉందని చెప్పారు.

వైద్యుడు: చూశారా, అసలు సంగతి ఇప్పుడు బయటపడింది. ఆయన విషయంలో ఆ మాత్ర గుండెపోటు కోసమే కాక బీపీ కోసం కూడా పనిచేస్తోంది. దానిని తీసేస్తే ఆ స్థానంలో ఇంకొకటి పెట్టాలి. నీరసం నిజంగా ఇబ్బంది పెడుతుంటే, ఈ ఎకో కాగితం, బీపీ లెక్కలు తీసుకుని మీ గుండె డాక్టరు దగ్గరికి వెళ్లి, మోతాదు మెల్లమెల్లగా తగ్గించి వేరే మాత్రకు మారవచ్చేమో అడగండి. ఆ ప్రశ్న వేయడానికి మీకు ఇప్పుడు బలమైన ఆధారం ఉంది. ఈ రకం మాత్రను ఒక్కసారిగా ఆపితే గుండె దడ, ఛాతీ నొప్పి తిరగబెట్టవచ్చు కనుక సొంతంగా మాత్రం ఆపవద్దు. వింటున్న మిగతావారికి కూడా చెబుతున్నాను: పంపింగు 40 శాతానికి తక్కువ ఉన్నవారిని ఈ పరిశోధనల్లో చేర్చుకోనే లేదు. వారికి బీటా బ్లాకర్ ప్రాణం నిలిపే మందు.

నిర్వాహకురాలు: జయపురం నుంచి ఒక శ్రోత. చెప్పండి బాబూ.

శ్రోత (జయపురం): మా నాన్నగారికి 74 ఏళ్లు. బీపీ మాత్ర రాత్రి పడుకునే ముందు వేసుకుంటేనే మేలని ఒకరు, ఉదయమే వేసుకోవాలని ఒకరు అంటున్నారండి. అలాగే రక్తం పలచబడుతుందని రోజూ ఆస్పిరిన్ వేసుకుంటున్నారు. ఆయనకు గుండె జబ్బు ఎప్పుడూ రాలేదు.

వైద్యుడు: మొదటి దానికి సమాధానం చిన్నది. రాత్రి వేసుకుంటే ప్రమాదం బాగా తగ్గుతుందని 2019లో స్పెయిన్ నుంచి ఒక నివేదిక వచ్చి చాలా ప్రచారం పొందింది. తరువాత బ్రిటన్‌లో 21,104 మందితో టైమ్ అనే పరిశోధన చేసి, పూట వల్ల తేడా లేదని 2022లో తేల్చారు. మరచిపోకుండా ఏ పూట వేసుకోగలరో ఆ పూటే మంచిది. ఇక ఆస్పిరిన్ సంగతి వేరు. మీ నాన్నగారి లాంటి వారి మీదనే, అంటే గుండె జబ్బు లేని పెద్దవయసు వారు 19,114 మంది మీద, ఆస్ట్రేలియాలోనూ అమెరికాలోనూ ఆస్ప్రీ పరిశోధన జరిగింది. గుండె జబ్బులు చెప్పుకోదగినంతగా తగ్గలేదు, తీవ్రమైన రక్తస్రావాలు మాత్రం పెరిగాయి. అది ఎవరు రాసి ఇచ్చారు?

శ్రోత: ఎవరూ రాయలేదండి. పక్కింటి ఆయన వేసుకుంటున్నారని మొదలుపెట్టారు.

వైద్యుడు: ఆ పక్కింటాయనకు స్టెంటు ఉండి ఉంటుంది. ఆయన మాత్ర ఆయనకు సరైనదే, మీ నాన్నగారికి కాదు. ఈ వారంలోనే ఆయనను డాక్టరుకు చూపించి, ఆపే విషయం మాట్లాడండి.

నిర్వాహకురాలు: తరువాతి ఫోన్ గుణుపురం నుంచి.

శ్రోత (గుణుపురం): నమస్కారం సార్. పోయిన నెలలో మా పిన్నికి ఉన్నట్టుండి మూతి వంకర పోయి, కుడి చెయ్యి పడిపోయింది. ఊళ్లో ఒకాయన బీపీ చూసి 200 దాటిందని నాలుక కింద మాత్ర పెట్టారు. పావురం రక్తం రాస్తే తగ్గుతుందని ఇంకొకరు అన్నారు. ఆసుపత్రికి చేర్చేసరికి రాత్రి అయింది. ఇంజక్షన్ ఇచ్చే సమయం దాటిపోయిందని అక్కడ చెప్పారు. మాత్ర పెట్టడం తప్పా సార్?

వైద్యుడు: సహాయం చేయాలనే పెట్టారు, ఆయనను నిందించవద్దు. అయితే ఎందుకు పెట్టకూడదో ఇప్పుడు స్పష్టంగా తెలిసింది. పక్షవాతం రెండు రకాలు: మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడడం ఒకటి, నాళం చిట్లి రక్తం కారడం రెండవది. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. చైనాలో ఇంటరాక్ట్-4 అనే పరిశోధనలో, స్కాన్ తీయకముందే అంబులెన్సులో బీపీ తగ్గించే మందు ఇచ్చి చూశారు. రక్తం కారిన వారికి మేలు జరిగింది, గడ్డ అడ్డుపడిన వారికి కీడు జరిగింది, మొత్తం మీద లాభం శూన్యమని 2024లో తేలింది. నాళం మూసుకుపోయినప్పుడు పక్కదారుల గుండా మెదడుకు కొంతైనా రక్తం చేరడానికి ఆ పెరిగిన బీపీయే ఆధారం. దానిని దించేస్తే ఆ కొంత కూడా అందదు. రక్తం కారిన రకంలో అయితే వేగంగా తగ్గించాలి. మన దేశంతో కలిపి పది దేశాల్లో 7,036 మందితో జరిపిన ఇంటరాక్ట్-3లో గంటలోపు పై బీపీని 140 కంటే కిందికి దించడం, చక్కెరను, జ్వరాన్ని అదుపు చేయడం కలిసి రోగుల పరిస్థితిని మెరుగుపరిచాయి. కాబట్టి ఏ రకమో సీటీ స్కాన్ చెప్పే వరకూ ఇంట్లో బీపీ మాత్ర, ఆస్పిరిన్, నోటిలో నీళ్లు, ఏవీ వద్దు.

శ్రోత: ఆ ఇంజక్షన్ ఎంతసేపటిలో ఇవ్వాలి సార్?

వైద్యుడు: గడ్డ కరిగించే మందు సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. పాత మందు ఆల్టిప్లేజ్‌ను గంటసేపు సన్నగా ఎక్కించాలి. టెనెక్టిప్లేజ్‌ను ఒక్క సూదితో ఇచ్చేయవచ్చు. ఇది దానికి తీసిపోదని 2022లో కెనడాలో జరిపిన పరిశోధన చూపింది. గుణుపురం వంటి చోట్ల నుంచి పెద్ద ఆసుపత్రికి రోగిని తరలించేటప్పుడు గంటసేపు పంపు పట్టుకుని కూర్చునే అవసరం లేకపోవడం ఎంత సౌకర్యమో ఆలోచించండి. అయితే ఏ మందుకైనా గడియారం మొదలయ్యేది రోగి చివరిసారి మామూలుగా కనిపించిన క్షణం నుంచి. అందుకే ఆ సమయం రాసి పెట్టుకోండి. మీ ఊరికి దగ్గరలో రాత్రిపూట కూడా సీటీ స్కాన్ తీసే ఆసుపత్రి ఏదో, అవసరం పడకముందే విచారించి ఉంచుకోండి. మీ పిన్నిగారికి ఫిజియోథెరపీ జరుగుతోందా?

శ్రోత: వారానికి ఒకసారి తీసుకువెళుతున్నాము.

వైద్యుడు: అది చాలదు. అక్కడ నేర్పిన వ్యాయామాలను ఇంట్లో రోజూ చేయించండి. కోలుకోవడం మొదటి కొన్ని నెలల్లోనే ఎక్కువ.

నిర్వాహకురాలు: బరంపురం నుంచే ఒక సోదరి అడుగుతున్నారు.

శ్రోత (బరంపురం): డాక్టరు గారూ, సోడియం తక్కువ ఉన్న ఉప్పు వాడితే పక్షవాతం రాదట కదా. ఇక్కడ మా ఇంట్లో అదే తెచ్చాము. కవిటిలో ఉన్న మా అప్పకు కూడా రెండు ప్యాకెట్లు పంపుదామనుకుంటున్నాను.

వైద్యుడు: ఆగండమ్మా! కవిటి అంటే ఉద్దానం, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ప్రాంతం. ముందు మంచి మాట చెబుతాను. చైనా పల్లెల్లో, 600 గ్రామాల్లో 20,995 మందితో పరిశోధన చేశారు. పక్షవాతం వచ్చి ఉన్నవారు, లేదా 60 దాటి బీపీ అదుపులో లేనివారు అందులో ఉన్నారు. సగం గ్రామాలకు మామూలు ఉప్పుకు బదులుగా నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు ఇచ్చారు. పక్షవాతాలు 14 శాతం తగ్గాయని 2021లో ప్రకటించారు. వారు తినే ఉప్పులో ఎక్కువ భాగం మన మాదిరే ఇంటి వంటలో వేసుకునేది కావడం వల్ల, ఇది మనకు బాగా వర్తించే పరిశోధన అని నా నమ్మకం. అయితే తీవ్రమైన కిడ్నీ జబ్బు ఉన్నవారిని అందులో చేర్చుకోలేదు. కిడ్నీలు దెబ్బతిన్న వారి ఒంట్లో పొటాషియం పేరుకుపోతే గుండె లయ తప్పి ప్రాణానికే ముప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జనవరిలో ఈ ఉప్పును సిఫారసు చేసినప్పుడు కూడా కిడ్నీ జబ్బు ఉన్నవారిని, గర్భిణులను, పిల్లలను మినహాయించింది.

శ్రోత: మా అప్పకు కిడ్నీ జబ్బు లేదండి, ఆరోగ్యంగానే ఉంది.

వైద్యుడు: పరీక్ష చేయించారా?

శ్రోత: అది చేయించలేదు.

వైద్యుడు: ఉద్దానంలో చిక్కే అది. షుగరు, బీపీ లేని రైతులకు, కూలీలకు కూడా అక్కడ ఈ జబ్బు వస్తోంది. ముదిరే వరకూ కాళ్ల వాపు గానీ, మరో సూచన గానీ కనిపించదు. ముందు ఆమెకు రక్తంలో క్రియాటినిన్, పొటాషియం, మూత్రంలో ప్రోటీన్ పరీక్షలు చేయించండి. అవి సవ్యంగా ఉన్నాయని డాక్టరు చెబితే అప్పుడు ఆలోచించవచ్చు. అంతవరకు మామూలు ఉప్పునే తగ్గించి వాడమనండి, ఎండుచేపలు, ఊరగాయలు తగ్గించమనండి. మీ ఇంట్లో కూడా స్పైరోనోలాక్టోన్ వంటి, ఒంట్లో పొటాషియం పెంచే మాత్రలు వాడేవారు ఉంటే ఆ ప్యాకెట్ పక్కన పెట్టండి.

నిర్వాహకురాలు: చివరి ఫోన్. రాయగడ జిల్లా నుంచి ఒక ఉపాధ్యాయుడు.

శ్రోత (రాయగడ): నమస్కారం డాక్టర్ గారూ. మా హాస్టల్‌లో ఏడో తరగతి చదివే ఒక బాలుడికి సికిల్ సెల్ జబ్బు, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే పుట్టుకతో వచ్చే జబ్బు ఉంది. నొప్పులు వచ్చినప్పుడు మెలికలు తిరిగిపోతాడు. జన్యువును సరిచేసే చికిత్స వచ్చిందని చదివాను. మన దగ్గర దొరుకుతుందా?

వైద్యుడు: మీరు చదివినది క్యాస్‌జెవీ. 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా దానిని ఆమోదించాయి. రక్తాన్ని తయారుచేసే రోగి మూలకణాలనే తీసి, ప్రయోగశాలలో జన్యువును సవరించి తిరిగి ఎక్కిస్తారు. ఆ చికిత్స పరిశోధనలో మదింపు చేసిన 31 మందిలో 29 మందికి ఏడాదిపాటు తీవ్రమైన నొప్పులు రాలేదు. అయితే అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు, పైగా ముందు కీమోథెరపీ ఇచ్చి ఎముక మజ్జను ఖాళీ చేయాలి. ఆ బాలుడి విషయంలో నేను దానికంటే ఎక్కువ విలువ ఇచ్చేది 2019లో వెలువడిన రీచ్ పరిశోధనకు. అంగోలా, కాంగో, కెన్యా, ఉగాండా దేశాల్లో, మలేరియా ఉన్న చోట్ల, పేద కుటుంబాల పిల్లలకు హైడ్రాక్సీయూరియా అనే పాత మందు ఇచ్చారు. నొప్పులు, రక్తం ఎక్కించవలసిన సందర్భాలు, అంటువ్యాధులు, మలేరియా, మరణాలు అన్నీ తగ్గాయి. రాయగడ కొండల్లోని పిల్లల పరిస్థితికి అమెరికా కంటే ఆ దేశాలే దగ్గర. బాలుడు ఆ మందు వాడుతున్నాడా?

శ్రోత: నాలుగు నెలల కిందట ఇచ్చారు. సెలవులకు ఇంటికి వెళ్లి వచ్చాక ఆపేశాడు.

వైద్యుడు: మళ్లీ మొదలుపెట్టించాలి, కానీ ముందు ఆసుపత్రిలో రక్తకణాల లెక్క చూపించి వారు చెప్పిన మోతాదులోనే. ఆ మందు వాడినంత కాలం ఆ పరీక్ష వారు చెప్పిన గడువు తప్పకుండా జరగాలి. బాగా నీళ్లు తాగించండి, చలిలో, మిట్టమధ్యాహ్నపు ఎండలో పరుగెత్తించవద్దు. జ్వరం వస్తే తెల్లవారే వరకు ఆగవద్దు. చెయ్యి బలహీనపడినా, మాట తడబడినా వెంటనే తీసుకువెళ్లండి, ఈ జబ్బులో పిల్లలకు కూడా పక్షవాతం వస్తుంది.

శ్రోత: క్యాప్సూళ్లు బాలుడి దగ్గరే ఉంచవచ్చా?

వైద్యుడు: వద్దండి, మేట్రన్ దగ్గర తాళం వేసి ఉంచండి, మిగతా పిల్లల చేతికి అందకూడదు. క్యాప్సూల్‌ను విప్పి పొడి కలపవద్దు, ముట్టుకున్నాక చేతులు కడుక్కోమనండి. సెలవులకు వెళ్లేటప్పుడు ఆ రోజులకు సరిపడా మందును, తరువాతి రక్తపరీక్ష తేదీ రాసిన చీటీని వాళ్ల అమ్మ చేతికే ఇవ్వండి.